అందుకునే గొంతు

పీటను పాత తువ్వాలలో చుట్టి చేతిసంచి అడుగున పెట్టింది అండాలు. దాని మీద సద్దిగిన్నె, పక్కన నీళ్ల సీసా. నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు చేస్తున్న పని కాబట్టి చేతులు వాటంతటవే సర్దేస్తాయి. పీట అండాలుది కాదు, గోడ పక్కింటి ఎల్లక్కది. జానెడెత్తు వేపచెక్క పీట. జనగామ స్టూడియోలో పనికొచ్చే మైకు ఒక్కటే ఉంది. దాని ముందు ఎల్లక్క, ఆమె వెనక రెండడుగుల దూరంలో అండాలుతో కలిపి కోరస్ పాడే ముగ్గురు ఆడవాళ్లు నిలబడి అందరూ ఒకేసారి పాడాలి. ఎల్లక్క పొట్టి మనిషి. మైకు ఆమె ఎత్తుకు దించితే వెనకవాళ్ల గొంతులు పడవు. ఇనుప స్టూలు వేస్తే కదిలినప్పుడల్లా కిర్రుమంటుంది. అందుకని ఈ పీట. పోనీ స్టూడియోలోనే పడేసి వద్దామంటే, ఇంట్లో ఎల్లక్క కూర్చుని అన్నం తినేదీ దీని మీదే. కింద కూర్చుంటే ఆమె మోకాళ్లు లేవనివ్వవు. మోకాళ్లకు తోడు ఆయాసం కూడా ఉంది కాబట్టి పీట మోసేది అండాలు.

"తే అక్కా, నేను పట్టుకుంట" అంటుంది పైకి. పాడేది ఆమె, మోసేది నేను అనుకుంటుంది లోపల. ఈ రెండో మాట ఆమె కడుపులో ఇప్పటికి కొన్ని వందలసార్లు తిరిగింది.

ఈ రోజు మాత్రం అండాలు బంతిపువ్వు రంగు చీర మడత విప్పి కట్టుకుంది. తలకు నూనె పెట్టి నున్నగా దువ్వుకుంది. ఎందుకంటే ఈ రోజు పాట తనది. యూట్యూబ్ ఛానల్ ఓనరు యుగేందర్ దసరాకు మాటిచ్చాడు. "అండాలక్కా, ఎల్లక్కను చూసి చూసి జనానికి అలవాటైంది. నీది ఒక పాట ఉంటే తే, నువ్వే ఎత్తు" అన్నాడు. ఎత్తడమంటే పాట మొదలుపెట్టడం. నాట్లలో, కలుపులో, పత్తిలో ఒకరు ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటారు. అండాలు ఎల్లక్క ఉండే ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ముప్పై ఏళ్లు ఎత్తింది ఎల్లక్క, అందుకున్నది అండాలు.

జఫర్‌గఢ్ నుంచి పొద్దుటి బస్సు. కండక్టరు ఎల్లక్కను చూడగానే మొహం ఇంత చేసుకుని, "అక్కా, మొన్నటి పాట మస్తున్నది. మా ఇంట్ల పొద్దు లేస్తే గదే" అన్నాడు. ఆమెను ఆధార్ కార్డు అడగకుండానే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చి అండాలు వైపు తిరిగాడు.

"కార్డు చూపియ్యమ్మా."

అండాలు సంచి ఒడిలో పెట్టుకుని, సద్దిగిన్నె తీసి, పీట పక్కకు జరిపి, కార్డు వెతికింది. ఆ పాటలో ఎల్లక్క తర్వాత వినపడే గొంతు తనదేనని కండక్టరుకు చెప్పాలనిపించింది. చెప్పినా ఏమంటాడు, మంచిదమ్మా అంటాడు. కార్డు చూపించి టికెట్ తీసుకుంది.

ఎల్లక్క కిటికీకి తల ఆనించి ఊపిరి తీసుకుంటోంది. అరవై రెండేళ్లు, ముడుచుకుపోయిన చిన్న మొహం, ముక్కుకు రెండు వైపులా పుల్లలు. ఆ మొహంలోంచి అంత గొంతు ఎలా వస్తుందో చూసినవాళ్లకు అర్థం కాదు. అండాలు పొడుగు మనిషి, నిండైన భుజాలు, మంచి పలువరస. ఫొటోకు తానే బాగుంటుందని అండాలుకు తెలుసు. తెలిసీ లాభం లేకపోవడమే ఆమె బాధ.

నాలుగేళ్ల కిందట మహబూబాబాద్ దిక్కు మిర్చి ఏరడానికి పోయి చేలల్లో గుడారాలేసుకుని ఉన్నప్పుడు కథంతా మారింది. అప్పట్లో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుకునే యుగేందర్ ఎవరి పని మీదో అటు వచ్చి, మిర్చి సాలులో పాడుతున్న ఆడవాళ్లను ఫోనులో తీసుకున్నాడు. ఆ వీడియోను యాభై లక్షల మంది చూశారట. ఎల్లక్క మొహం ఫోను నిండా ఉంది. అండాలుది మోచెయ్యి ఉంది. ఎర్ర గాజులు, ఒక గంప, మోచెయ్యి. యాభై లక్షల మంది తన మోచెయ్యి చూశారని తలచుకుంటే ఇప్పటికీ అండాలుకు కళ్లల్లో మిర్చి పడ్డట్టే ఉంటుంది.

ఎల్లక్కకు ఇంకో శక్తి ఉంది. ఏ పాటైనా ఒక్కసారి చెవిన పడితే చాలు, తెల్లారేసరికి ఆమె నోట ఉంటుంది, అసలు మనిషి పాడినదానికన్నా బాగా ఉంటుంది. ఆ మిర్చి చేలల్లో వేరే ఊరి కూలి మనిషి పొద్దున పాడిన పాటను సాయంత్రానికి ఎల్లక్క పాడితే, ఆ మనిషే నోరు తెరుచుకుని వింది. ఇది చూసే అండాలు తన పాటను దాచుకుంది. ఇరవై రెండేళ్ల కిందట ఆమె పెనిమిటి యాకయ్య బొగ్గుబాయిల కాంట్రాక్టు పనికని భూపాలపల్లి పోయాడు. మొదట నెలకోసారి వచ్చేవాడు, తర్వాత పండక్కి, తర్వాత అక్కడే ఇంకో ఆమెతో ఉంటున్నాడని కబురొచ్చింది. అండాలు పంచాయితీ పెట్టలేదు, పాట కట్టింది. ఇల్లు ఊడుస్తూ, బియ్యం చెరుగుతూ తనకు తానే పాడుకునేది. అది కూడా గడప దాటి చూసి, పక్కింటి తలుపుకు బయట గొళ్లెం వేసి ఉంటేనే. మనసులో ఉన్న ఒక్క వస్తువూ ఎల్లక్క నోట పడితే ఇక తనకంటూ ఏం మిగలదని ఆమె భయం.

స్టూడియో రైల్వే స్టేషన్ దగ్గర ఒక ఎరువుల కొట్టు మీద ఉంది. గోడలకు దుప్పట్లు కొట్టారు, తలుపు మీద రైళ్ల వేళలు రాసిన కాగితం అంటించారు. రైలు పోయినప్పుడల్లా పాట ఆపాల్సిందే. ఆ రోజు మొదట పాట కాదు, మాటల కార్యక్రమం. మనసును కదిలించిన పాట ఏదో ఒక్కొక్కరూ చెప్పాలి. నాలుగు కుర్చీలు వేశారు. యుగేందర్, పాటలు రాసే దిలీప్, కీబోర్డు వాయించే శామ్యూల్, ఎల్లక్క. అండాలునూ, లింగాల ఘనపూర్ నుంచి వచ్చే మిగతా ఇద్దరు కోరస్ ఆడవాళ్లనూ కెమెరా వెనక నిలబెట్టి, దగ్గు వస్తే బయటికి పొమ్మన్నాడు రికార్డింగ్ చూసే ప్రతాప్. ఒకవేళ తననూ అడిగితే ఏం చెప్పాలో అండాలు బస్సులోనే అనుకుని పెట్టుకుంది. ఐదో కుర్చీ ఎవరూ తేలేదు.

మొదట దిలీప్ చెప్పాడు. "నేను రాసినయేవీ గావన్నా. మా అవ్వ బర్రె పిండుకుంట పాడేది. దినాం అదే పాట. బర్రెను అమ్మిన్నాటి సంది పాడలే. మల్ల పాడే అవ్వా అంటే, ఏ బర్రెకు పాడాల్నే అన్నది" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

శామ్యూల్ చర్చిలో జరిగింది చెప్పాడు. ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. మైకు, కీబోర్డు అన్నీ ఆగిపోయాయి. "వెనుక బెంచీల ముసలోళ్లు ఆపలే. వాళ్లకు కరెంటు పోయిందనే తెల్వలే. అప్పుడు ఇన్న నేను, పాటంటే ఏందో" అన్నాడు.

యుగేందర్ మిర్చి చేను పాటే తన బతుకు మార్చిందన్నాడు. అండాలు తన మోచెయ్యి నిమురుకుంది. తర్వాత అందరూ ఎల్లక్క వైపు తిరిగారు.

"ఉన్నది ఒక పాట. మొత్తం నోటికొస్తది. గని నేను పాడ" అంది ఎల్లక్క.

"ఎందుకక్కా?"

"పాడొద్దు గనుక."

అందరూ నవ్వారు. ఇది మంచి సస్పెన్స్ అన్నాడు యుగేందర్. అండాలుకు మాత్రం ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు వెనక నిలబడి పాడినదానికి తెలియకుండా దాచిపెట్టిన పాట ఏమిటది? ఎంత లోతు మనిషి! ఇరవై ఏళ్లుగా తానూ ఒక పాట దాచిందన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తు లేదు. అసూయ అంతే, ఎదుటివాళ్ల మూటలే లెక్కబెడుతుంది.

మధ్యాహ్నం రైలు వెళ్లిపోయాక అండాలు వంతు వచ్చింది. అలవాటు కొద్దీ సంచిలోంచి పీట తీసి మైకు ముందు వేసింది. వేసినాక తనకు అక్కర్లేదని గుర్తొచ్చి కాలితో పక్కకు నెట్టింది. అది గోడకు తగిలి బోర్లా పడింది. మూల కుర్చీలో కూర్చున్న ఎల్లక్క చూసింది. అండాలు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కోరస్ ఆడవాళ్లిద్దరూ వెనక నిలబడ్డారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె ముందు ఎవరూ లేరు.

వాయిద్యం మొదలైంది. మాటలు చెప్పకుండా వరస ఒక్కటే అండాలు కూనిరాగం తీసి వినిపిస్తే శామ్యూల్ కట్టిన వాయిద్యం అది. అద్దం అవతల ప్రతాప్ చెయ్యి ఊపాడు. అండాలు ఊపిరి పీల్చి ఎదురుచూసింది. ఎవరి కోసమో ఆమెకే తెలియదు. ఒక లైను పాడేంత కాలం గడిచాక గొంతు తెరుచుకుంది.

"నా బొట్టుపెట్టె మీద బూజు కమ్మెనో..."

ప్రతాప్ ఆపాడు. "అక్కా, మొదటి లైన్ ఏది? సగం కాంచి మొదలువెట్టినవ్."

రెండోసారీ అంతే. మూడోసారి కళ్లు మూసుకుని, మొదటి లైను పెదాల మీద పెట్టుకుని నిలబడింది. ప్రతాప్ చెయ్యి ఊపిన దగ్గర పెదాలు కదలలేదు. వెనకవాళ్లు అందుకోవలసిన చోటుకు వచ్చేసరికి బొట్టుపెట్టె దానంతటదే బయటికొచ్చింది. ఇంట్లో ఈ చిక్కు లేదు. చీపురు పట్టుకుంటే పాట ఎక్కడి నుంచైనా మొదలయ్యేది, మొదలు ఎక్కడని ఎవరూ అడిగేవారు కాదు. అండాలు చంకల్లో చెమట పట్టి కొత్త చీర జాకెట్టు తడిసిపోయింది. జర నీళ్లు తాగక్కా అన్నాడు యుగేందర్. ఆ గొంతులో జాలి వినపడి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

నాలుగోసారి వాయిద్యం మొదలైంది. ఎల్లక్క కుర్చీలోంచి మెల్లగా లేచి, చప్పుడు కాకుండా వచ్చి, అండాలు వెనక రెండడుగుల దూరంలో, ఎప్పుడూ అండాలు నిలబడే చోట నిలబడింది. ప్రతాప్ చెయ్యి ఊపాడు.

"భూపాలపల్లి బస్సు ఎల్లిపాయెనో..."

"నా బొట్టుపెట్టె మీద బూజు కమ్మెనో..." అందుకుంది అండాలు.

ఇక ఆగలేదు. మిగతా పాటంతా ఆమే ఎత్తింది, ఆమే నడిపింది. కోరస్ ఆడవాళ్లు అందుకున్నారు. ఎల్లక్క ఆ ఒక్క ముక్క తర్వాత నోరు మూసుకుంది. పాట అయిపోయాక అద్దం అవతల దిలీప్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం కనపడింది. అప్పుడు తట్టింది అండాలుకు. ఆ మొదటి ముక్క లోకంలో ఎవరి ముందూ తాను పాడలేదు.

"నీకెట్ల తెలుసు?" హెడ్‌ఫోన్ తీసి వెనక్కి తిరిగింది.

"చికెన్‌గున్యా జరాలచ్చిన ఏడు పండుకుంటి గదా. కోడలు బయట గొల్లెం వెట్టి కూలికి పోయేది. నువ్వు ఇంట్ల ఎవ్వలు లేరనుకున్నవ్." ఎల్లక్క ఆయాసపడుతూ గోడ పట్టుకుంది. "పది దినాలు ఇన్న."

"మరెందుకు పాడకపోతివి?"

"అది నీ పాట గదనే పిల్లా."

దొంగిలించి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. దొంగిలించకపోయినందుకు ఏమని తిట్టాలి? ఇరవై ఏళ్లు తాను దాచుకున్నాననుకున్నది అసలు దాగనే లేదు. ఎల్లక్క పోనీలే అని వదిలేస్తే మిగిలింది. అండాలుకు అది ప్రేమగా కనపడలేదు, బిచ్చంగా కనపడింది. ఆ మంట చాలదన్నట్టు యుగేందర్ తలుపు తోసుకుని సంబరంగా వచ్చాడు.

"మొదలు ఎల్లక్క గొంతు, అటెన్క అండాలక్క! గిట్లనే ఉంచుదాం. ఎల్లక్క, అండాలు అని ఇద్దరి పేర్లు ఏద్దాం."

ఎల్లక్క పేరు ముందు. అండాలు పేరు వెనక. ఆఖరికి తన మొగుడు తనను వదిలేసిన పాటలో కూడా తాను వెనకే.

"వద్దు బిడ్డా. నా ముక్క కోసెయ్యి" అంటోంది ఎల్లక్క. ఇద్దరి గొంతులు ఒకే మైకులో ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కొయ్యడం కష్టమంటున్నాడు ప్రతాప్. అండాలు ఆ మాటలు చెవిన వేసుకోలేదు. బోర్లా పడ్డ పీటను తువ్వాలలో చుట్టి, సంచిలో వేసుకుని మెట్ల వైపు నడిచింది. పీట తీసుకోవాలని తీసుకోలేదు, చేతులకు అలవాటు.

"ఆగు పిల్లా, కలిసి పోదాం. ఈ పోరగాండ్లతోని జర పనున్నది" అని వెనక నుంచి ఎల్లక్క పిలిచింది. అండాలు వెనక్కి చూడకుండా బస్టాండుకు పోయింది.

దీపాలు పెట్టే వేళకు పక్కింటి ముందు కారు ఆగిన చప్పుడైంది. కారులో దింపారు మహారాణిని అనుకుంది అండాలు. తాను బస్సులో సగం దూరం నిలబడి వచ్చింది. పొయ్యి ముట్టించలేదు, మంచం మీద అటు తిరిగి పడుకుంది. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, పైన పెంకుల కింద జానెడు సందు. అవతల చెంబు నీళ్లతో కాళ్లు కడుక్కున్న చప్పుడు, కోడలితో ఏదో మాట, తర్వాత గోడకు దగ్గరగా వచ్చిన అడుగులు వినపడ్డాయి.

"అండాలూ, పీట నీ కాడున్నదా?"

అండాలు దుప్పటి తల మీదికి లాక్కుంది.

"పండుకున్నవా పిల్లా?"

ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంది. తర్వాత ఎల్లక్క గొంతు వచ్చింది. స్టూడియో గొంతు కాదు, చేనులో గొంతు కాదు. చిన్నగా, ఊపిరి చాలని గొంతు.

"భూపాలపల్లి బస్సు ఎల్లిపాయెనో..."

పాడి ఆగింది. అండాలు గొంతులో నరం లేచింది. నాలుక అంగిట్లోంచి దిగి పళ్ల దాకా వచ్చింది. ఆమె పళ్లు బిగబట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ ఒక్కసారి నేను అందుకోను అనుకుంది. ముప్పై ఏళ్ల కోపమంతా ఆ కొంగులో ఉంది. అవతల కొంతసేపటికి చీర కుచ్చిళ్ల అలికిడి గోడకు దూరంగా పోయింది.

రోజూ పొద్దున అండాలును లేపేది ఎల్లక్క దగ్గు. ముందు దగ్గు, తర్వాత బొక్కెన చప్పుడు, అప్పుడు అండాలు లేస్తుంది. ఆ రోజు మెలకువ వచ్చినా దగ్గు కోసం ఎదురుచూస్తూ పడుకుంది. పెంకుల సందులోంచి వెలుతురు పడి మంచం కోడు దాకా వచ్చింది. అప్పుడు కోడలు తలుపు దగ్గరికి వచ్చి, ఏడవకుండా, ఏమీ అర్థం కానట్టు నిలబడి, "చిన్నత్తా, అత్తమ్మ లేస్తలేదు" అంది.

పొద్దెక్కేసరికి వాడ నిండిపోయింది. జనగామ నుంచి కార్లు వచ్చాయి, దండలు వచ్చాయి, ఎల్లక్క నవ్వుతున్న ఫ్లెక్సీ వచ్చింది. శవం తల దగ్గర కూర్చుని కూడా అండాలుకు, నేను పోతే ఇంతమంది వస్తారా అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. మనిషి చచ్చిపోయినా చావని కుళ్లు ఉంటుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు.

ప్రతాప్ వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఫోను తీసి, ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాడు. "నిన్న పొద్దుమూకెదాక అక్క కదలలే. నా ముక్క కోసినంకనే పోత అన్నది. కోసిన. పేరు గూడ నీదొక్కటే ఉండాలె అని యుగేందరన్నతోని ఒట్టు ఏయించుకున్నది. నేనే దగ్గరుండి కారుల తోలిచ్చిన" అన్నాడు. ఫోను మీద అండాలు పేరు ఒక్కటే ఉంది. పాట మొదలైంది. వాయిద్యం వచ్చింది, తర్వాత ఒక లైను పాడేంత ఖాళీ వచ్చింది. ఎల్లక్క గొంతు తీసేసిన చోటును ప్రతాప్ అలాగే వదిలేశాడు. ఆ ఖాళీ అయ్యాక అండాలు గొంతు, ఎవరికో బదులు చెబుతున్నట్టుగా, బొట్టుపెట్టె అంటూ అందుకుంది. అండాలు ఇయర్‌ఫోన్ తీసి అతని చేతిలో పెట్టేసింది.

మధ్యాహ్నం దాటాక శవానికి స్నానం పోయడానికి నీళ్లు కాగాయి. కోడలు వచ్చి వంగి అడిగింది.

"చిన్నత్తా, కూసుండవెట్టెతందుకు పీట గావాలె. నీ సంచిల ఉన్నదా? రాత్రి అత్తమ్మ నిన్ను పిలిచిందట. పండుకున్నదేమో తియ్, అలిసిపోయింది పిల్ల అని, పీట లేక నిలవడే రెండు బుక్కలు తిన్నది."

అండాలు నోరు తెరిచింది. పీట ఉందని చెబితే, పిలుపు విననట్టు పడుకున్నదీ చెప్పాల్సి వస్తుందనిపించింది.

"స్టూడియోల మర్శిపోయినం" అంది.

ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. ఎల్లక్క అందులో ఒక పక్కకు ఒరిగిపోతుంటే ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. అండాలు నీళ్లు పోసింది. ఆ చిన్న పాదాలు కుర్చీ మీంచి నేలకు అందలేదు.

కాడు నుంచి అందరూ వచ్చి, స్నానాలు చేసి, ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. అండాలు తలుపు దగ్గరేసి, సంచిలోంచి అన్నం గట్టిపడిపోయిన సద్దిగిన్నె తీసింది, నీళ్ల సీసా తీసింది, తువ్వాల మడత విప్పింది. పీట అంచున నిన్న గోడకు తగిలి లేచిన చెక్కపేడు ఉంది, నడుమ రెండు చిన్న పాదాలు నిలబడ్డంత మేర వేపచెక్క అరిగి నున్నబడింది.